రాయని నంబర్లు

ఆ ఉక్కు ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండదు. అందరికీ ఆవిడ నంబర్లమ్మ. ఇంకా సెగలు కక్కుతున్న ఉక్కు ప్లేట్ల మీద, పొడుగు కర్రకి కట్టిన కుంచెతో తెల్లరంగు నంబర్లు రాయడం ఆవిడ పని. వేడి ప్లేటు మీద రంగు పడీ పడగానే ఆరిపోతుంది, దిద్దుకుందామంటే కుదరదు. అందుకని ఆవిడ చెయ్యి ఆలోచించకుండా రాయడం నేర్చుకుంది. ఆలోచనేదైనా ఉంటే ఇంటికెళ్ళాకే.

ముందు ఆ నంబర్ల సంగతి చెప్పాలి. ఫర్నేసులో ఒక్క విడత కరిగించి పోసిన ఉక్కుని హీటు అంటారు. ప్రతి హీటుకీ ఒక నంబరు. కొత్త ఏడు రాగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఆ ఉక్కుతో చేసిన ప్రతి ప్లేటు మీదా ఆ నంబరు, దాని పక్కన ఏ, బి, సి షిఫ్టుల్లో ఎవరు పోశారో ఆ అక్షరం ఉంటాయి. రేపు ఎక్కడో ఏ వంతెనో పగిలిందనుకోండి, ఆ నంబరు పట్టుకుని తిన్నగా వచ్చి "ఎవడయ్యా దీన్ని పోసింది?" అని నిలదీయొచ్చు.

అయితే అక్కడ ఏడు నంబర్లు మాత్రం ఎవరూ రాయరు. ఏ హీటు పోస్తుండగా మనిషి పోయాడో, ఆ నంబరు ఇక ఏ ఏడూ వాడరు. దాని దగ్గరికి రాగానే దాటేసి తర్వాతిది వేసుకుంటారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, ఏ రూల్సులోనూ లేదు. మేనేజర్లు మారారు, యజమానులు మారారు, కంప్యూటర్లొచ్చాయి. వచ్చిన కంప్యూటరుకి కూడా ఆ ఏడూ దాటెయ్యడం నేర్పి కూర్చోబెట్టారు. ఏడుగురికీ కలిపి ఆ ఫ్యాక్టరీ చేసిన మర్యాద అదొక్కటే అనుకోండి.

ఆ ఏడింట్లో నాలుగు వేల పదిహేడు నంబర్లమ్మ భర్తది. కరిగిన ఉక్కుని మోసే పెద్ద బానని లాడిల్ అంటారు. సి షిఫ్టులో ఆయన పని దాని దగ్గరే. ఒక రోజు దాని కొక్కెం విరిగింది. ఇంటికి తెచ్చి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. నంబరొక్కటే వచ్చింది. ఏటా ఆ నంబరు దగ్గరికి హీట్లు చేరిన రోజున ఆయన తమ్ముడు, అదే ఫ్యాక్టరీలో యార్డు ఫోర్‌మన్, వచ్చి గుమ్మంలో నిలబడి "ఇవాళ అన్నయ్యని దాటాం వదినా" అని చెప్పి వెళ్ళేవాడు. ఆ పూట అత్తాకోడళ్ళు ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. ఆయన్ని తలుచుకోవడమంటే వాళ్ళింట్లో అంతే.

తర్వాత ఓడలు రావడం మొదలైంది.

మనం ఖనిజం తవ్వి, బొగ్గు కాల్చి, కరెంటు బిల్లు కట్టి చేసిన ప్లేటు కన్నా సముద్రాలు దాటి వచ్చిన ప్లేటు చవక! ఇదెక్కడి చోద్యం అంటే, వాళ్ళ ప్రభుత్వం వాళ్ళకి ఎదురు డబ్బిచ్చి మరీ అమ్మిస్తోందట. మరి మన ప్రభుత్వమో? సుంకం వేస్తాం, వేస్తాం అంటుంది. ఆ ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరిగే లోపల ఓడ సరుకు దించి, వెళ్ళి, మళ్ళీ నింపుకుని వస్తోంది. సుంకం వేస్తే మా సరుకు ధర పెరిగి మేం చస్తామని కార్లు చేసేవాళ్ళూ డబ్బాలు చేసేవాళ్ళూ గగ్గోలు. వెయ్యకపోతే మేం చస్తామని వీళ్ళ గగ్గోలు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అదే వచ్చిన చిక్కు. ఓడల మొదటి దెబ్బకి సి షిఫ్టు ఎత్తేశారు. కొన్నేళ్ళకి రెండో దెబ్బ తగిలింది, ఈసారి ఫర్నేసే ఆర్పేశారు. తాత్కాలికమే అన్నారు. ఆ మాట అన్నవాళ్ళ మొహాలు చూస్తే ఎవరికీ నమ్మకం కలగలేదు.

ఫర్నేసు ఆరాక ఊళ్ళో జనం మాటలు తగ్గించేశారు. అన్నేళ్ళూ ఆ హోరు మీద అరుచుకుని మాట్లాడటం అలవాటు. హోరు ఆగేసరికి ఎవరి గొంతు వాళ్ళకే ఎబ్బెట్టుగా వినిపించింది. నంబర్లమ్మ రోజూ డ్యూటీకి వెళ్ళి, రాయడానికేమీ లేక, కుంచెలు కడిగి ఆరబెట్టి వచ్చేది. కడిగిన కుంచెలే మళ్ళీ కడిగేది. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో గానీ, ఎవరూ అడగలేదు. బాధ కాదది. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, మనిషి మొత్తం అలా ఉంది.

అప్పటికి ఒక వంతెన ఆర్డరు సగంలో ఉంది. ప్రభుత్వ వంతెన. స్వదేశీ ఉక్కే వాడాలని నిబంధన. సగం ప్లేట్లు ఇచ్చాక ఫర్నేసు ఆరిపోయింది. మిగతా సగం ఇస్తే తప్ప డబ్బు రాదు, ఆ డబ్బు వస్తే తప్ప ఫర్నేసు వెలగదు.

ఒక మధ్యాహ్నం మేనేజరు నలుగురిని తన గదికి పిలిచి తలుపు వేశాడు. నాణ్యత చూసే ఇంజనీరు, యూనియన్ పెద్దాయన, యార్డు ఫోర్‌మన్, నంబర్లమ్మ. మేనేజరు చెడ్డవాడేం కాదు. వచ్చి రెండేళ్ళే అయింది, ఫర్నేసు ఆరాక బెల్టుకి కొత్త చిల్లు పొడుచుకోవాల్సినంత చిక్కిపోయాడు.

"రేవులో ప్లేట్లు దొరుకుతున్నాయి," అన్నాడు. "మందం అదే, బలం అదే. ఇంజనీరు గారు పరీక్ష కూడా చేశారు. బాగానే ఉన్నాయి."

"మనవాటికన్నా బాగున్నాయి," అన్నాడు ఇంజనీరు.

"వాళ్ళ రాత చెరిపేసి మన రాత రాస్తే వంతెనకి ఇచ్చెయ్యొచ్చు," అన్నాడు మేనేజరు.

యూనియన్ పెద్దాయన కుర్చీలో కదిలాడు. "అంటే మన కొంపలు ముంచిన సరుకుతోనే మన కొంపలు నిలబెట్టుకోవాలంటారు."

"అంతేనండి పెద్దాయనా. ఇంకో దారుంటే చెప్పండి, మీ కాళ్ళకి దండం పెడతాను."

పెద్దాయన దగ్గర ఏ దారీ లేదు. మేనేజరు చెప్పుకుపోయాడు. చిక్కల్లా నంబర్లతోనే ఉంది. ఫర్నేసు ఎప్పుడు ఆరింది, ఆఖరి నంబరేమిటి అన్నది ప్రభుత్వానికి తెలుసు. కొత్త నంబరు వేస్తే దొరికిపోతారు. అయిపోయిన నంబరు వేస్తే ఆ సరుకు ఇంకెక్కడికో అమ్మేసి ఉన్నారు, అప్పుడూ దొరికిపోతారు. "ఈ ఏడాది నంబర్లలోనే, ఎక్కడా వాడకుండా మిగిలినవి కావాలి. అలాంటివేమన్నా ఉన్నాయా?" అని అడిగాడు.

పాపం, అతనికి నిజంగానే తెలియదు. తెలిసినవాళ్ళు మాత్రం ముగ్గురూ మూడు దిక్కులు చూశారు. పెద్దాయన నేల మీది పలకలు చూస్తున్నాడు. ఫోర్‌మన్ ఫ్యాను చూస్తున్నాడు. ఇంజనీరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఏడున్నాయి సార్," అంది నంబర్లమ్మ.

అని ఊరుకుందా? వరసగా ఏడూ అప్పజెప్పేసింది. టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పింది. నాలుగు వేల పదిహేడు మధ్యలో వచ్చింది, మిగతావాటిలాగే వెళ్ళిపోయింది. చెప్పడం అయ్యాక గానీ తనేం అన్నదో తన చెవిన పడలేదు.

బయటికొచ్చాక ఫోర్‌మన్, అదే ఆవిడ మరిది, నెత్తి కొట్టుకున్నాడు. "నువ్వు నోరు మెదపకపోతే ఈ జన్మకి ఆయనకి తెలిసేది కాదు వదినా!"

"అడిగారు కదా."

"అడిగితే? లేవనేస్తే సరిపోయేది."

"ఉన్నవాటిని లేవని ఎలా చెప్పను?"

"ఓరి దేవుడా," అని అతను గోడకి చేరగిలబడ్డాడు. కాసేపటికి గొంతు తగ్గించి అన్నాడు, "ఎవరో ఒకరు చెప్పాల్సిందేలే. నా నాలిక చివర దాకా వచ్చింది. నువ్వు ముందు చెప్పావు, అంతే."

యూనియన్ పెద్దాయన ఒక్క షరతు పెట్టాడు. ఏడు ఇళ్ళవాళ్ళనీ అడగాలి. ఒక్క ఇంటివాళ్ళు కాదన్నా పని ఆపెయ్యాలి. పోతే ఏడూ పోవాలి, ఉంటే ఏడూ ఉండాలి, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా పనికిరాదు. ఆయనే చెప్పులరిగేలా తిరిగి అడిగొచ్చాడు. కాదన్నవాళ్ళు లేరు. ప్రతి ఇంట్లోనూ ఫ్యాక్టరీ జీతం మీద బతికే మనిషి ఒకరైనా ఉన్నారు, కాదనే మొహం ఎవరికుంది?

తన ఇంట్లో మాత్రం తనే అడగాలని నంబర్లమ్మ పట్టుబట్టింది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అంతా విని, చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తి చేసి అడిగింది.

"ఆ ప్లేట్లు వాడు పోసినవా?"

"కాదత్తయ్యా."

"మరెవరు పోశారు?"

"ఎవరో. సముద్రం అవతలివాళ్ళు."

"వాడు చెయ్యనిదానికి వాడి నంబరెందుకే?"

అత్తగారే మళ్ళీ అంది, "రాసెయ్యి. నా మందులు కూడా నీ జీతంలోంచే కదా వచ్చేది. నన్నడగడం ఉత్త మర్యాదకి, ఆ మాత్రం నాకు తెలియదా? ఒక్కటి చెప్పు. వచ్చే ఏడు ఆ నంబరు దాటుతారా, దాటరా?"

"తెలియదత్తయ్యా."

"వాడేశాక ఇంకేం దాటతారులే," అని ముసలావిడ ఇంకో దుప్పటి అందుకుంది.

నంబర్లమ్మకి అప్పుడు ఏడుపు రావాలి. రాలేదు. రానందుకు భయమేసింది. వంటింట్లోకి వెళ్ళి, మొహాన నీళ్ళు చల్లుకుని చూసుకుంది. అయినా రాలేదు.

టార్పాలిన్లు కప్పిన లారీల్లో ప్లేట్లు దిగాయి. వాటి మీద పసుపు రంగుతో తనకి రాని లిపిలో ఏదో రాసి ఉంది. ఎవరు రాశారో గానీ కుదురుగా రాశారు, గీత వంకర పోలేదు. వైరు బ్రష్షుతో దాన్ని గీకుతుంటే, ఒకరి పని పాడు చేస్తున్నందుకు నంబర్లమ్మకి సిగ్గేసింది. ఆ కాస్త సిగ్గయినా కలిగిందని మనసులో సంతోషించింది కూడా.

ఇంకో తంటా వచ్చిపడింది. చల్లటి ప్లేటు మీద రాయడం ఆవిడకి అలవాటు లేదు. రంగు ఆరక కిందికి కారిపోతోంది, మూడు కాస్తా ఎనిమిదై కూర్చుంటోంది. చూసి చూసి మరిది గ్యాసు మంటతో ఒక్కో ప్లేటూ ముందు వెచ్చబెట్టించాడు. అప్పుడే దిగిన ప్లేటులా వేడి తగలగానే ఆవిడ చేతికి పాత ఒడుపు వచ్చేసింది. ఇక చూసుకోనక్కర్లేకుండా పని సాగింది. నంబరు ఆవిడ వేస్తుంది, పక్కన ఏ షిఫ్టు అన్నది మరిది చెప్తాడు. "దీనికి ఏ. దీనికి బి. మళ్ళీ బి."

మూడో నంబరు రాస్తుండగా క్యాంటీన్ అమ్మాయి టీ కెటిలు పట్టుకుని వచ్చింది. అమ్మాయంటే పెళ్ళయి పిల్లలున్న మనిషే, కాకపోతే తండ్రి పోయినప్పుడు చిన్న వయసులో ఉద్యోగంలో చేరింది కాబట్టి ఇప్పటికీ అందరికీ అమ్మాయే. వచ్చి వెనక నిలబడింది.

"అక్కా, అది మా నాన్నదే కదూ?"

"ఆఁ. మీ నాన్నదే."

నంబర్లమ్మ కుంచె ఎత్తి పట్టుకుంది. వద్దంటే ఆపేసేదే. వద్దనాలని లోలోపల కోరుకుంది కూడా. క్యాంటీన్ అమ్మాయి ప్లేటు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఫర్లేదులే అక్కా, రాయి. మాదొక్కటే అయితే ఒప్పుకునేదాన్ని కాదు. ఏడు ఇళ్ళదీ పోతోంది కదా. నీదీ పోతోంది కదా." గ్లాసులో టీ పోసి పక్కన పెట్టింది. "కాస్త బాగా రాయి. ఆయనకి వంకర రాతలంటే ఒళ్ళు మంట."

నంబర్లమ్మ బాగా రాసింది. పక్కన మరిది చెప్పిన అక్షరం పెట్టింది.

నాలుగు వేల పదిహేడు ఆఖరికి ఉంచుకుంది. దాని వంతు వచ్చేసరికి మరిది "బి" అని ఒక్క మాట చెప్పి, మొహం తిప్పుకుని, గేటు వైపు నడిచి వెళ్ళి నిలబడ్డాడు. మిగతా పనివాళ్ళు కూడా పని ఉన్నట్టు తలో పక్కకీ జరిగారు. అందరూ మర్యాదస్తులే. ఆవిడ ప్లేటు తర్వాత ప్లేటు రాసుకుంటూ పోయింది. ఏమైనా అనిపిస్తుందేమోనని ప్రతి అంకె దగ్గరా ఎదురుచూసింది. ఏమీ అనిపించలేదు. రాయడం అయ్యాక కుంచె కడిగి, కర్ర తుడిచి, మూల నిలబెట్టి ఇంటికెళ్ళింది. రాసినవాటిని ఎవరూ సరిచూడలేదు. అప్పటి వరకూ ఒక్కోటీ వంగి చూసిన మరిది కూడా ఆ కట్ట దగ్గరికి పోలేకపోయాడు.

ఇన్‌స్పెక్టరు ప్రభుత్వం తరఫున, తెల్ల హెల్మెట్ పెట్టుకుని, చిన్న సుత్తి పట్టుకుని వచ్చాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ప్లేటుని సుత్తితో తట్టి, చెవి ఒగ్గి, నంబరు చూసి, తలూపి ముందుకి నడుస్తున్నాడు. ఒకటి అయింది, రెండయింది, మూడయింది. ఆరు నంబర్లూ గట్టెక్కాయి. మేనేజరు మొహంలోకి కాస్త రక్తం వచ్చింది. ఆఖరి కట్ట దగ్గర ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు.

"ఈ సి ఏమిటి?"

అప్పుడు చూశారందరూ. నాలుగు వేల పదిహేడు పక్కన, ప్రతి ప్లేటు మీదా, ముత్యంలాంటి సి.

"మీకు రెండే షిఫ్టులు కదా? సి ఎత్తేసి చాలా ఏళ్ళయిందన్నారే?"

ఇన్‌స్పెక్టరు చుట్టూ చూసి, కుంచె పట్టుకున్న మనిషిని గుర్తుపట్టి అడిగాడు. "ఏమ్మా, ఈ హీటు పోసిందెవరు?"

"మా ఆయనండి."

"పిలవండి ఆయన్ని."

"చనిపోయారండి."

"ఎప్పుడు?"

ఆవిడ నోరు తెరవబోయింది. ఈలోగా మరిది మధ్యలోకి వచ్చేశాడు. "మా వదినండి. అన్నయ్య పోయినప్పటి నుంచీ మనిషి కాస్త... అప్పుడప్పుడూ ఇలా ఏదో ఒకటి రాసేస్తుందండి. మేమే చూసుకోవాలి. పొరపాటైపోయింది." అంటూ కణత దగ్గర వేలు తిప్పి చూపించాడు. నంబర్లమ్మ ఆ వేలు తిరగడం చూసింది. కోపం రావాల్సింది. అది కూడా రాలేదు.

ఇన్‌స్పెక్టరు ఆవిడ వైపు కాసేపు చూశాడు. అతనికి ఎంత అర్థమైందో, అర్థమైనదాంట్లో ఎంత మింగేశాడో చెప్పలేం. అతని మీదా పైవాళ్ళుంటారు, వంతెన తొందర వాళ్ళకీ ఉంటుంది. "లేని షిఫ్టు పోసిన ఉక్కు నేను తీసుకోలేను," అన్నాడు. "ఈ కట్ట పక్కన పెట్టండి. మిగతా ఆరూ లోడు చేసుకోండి."

అతని కారు గేటు దాటాక మేనేజరు మెట్ల మీదే కూలబడ్డాడు. "మా నెత్తిన పాలు పోశాడు," అని ఒకసారి, "నువ్వు కొంప ముంచేదానివమ్మా" అని ఒకసారి అన్నాడు. మరిది వదినని పక్కకి తీసుకెళ్ళాడు.

"బి అని చెప్పానుగా. కావాలనే రాశావా?"

"లేదు. చెయ్యి రాసింది."

"ఒట్టు?"

"తెలియదయ్యా," అంది. అది కూడా నిజమే.

ఆరు కట్టలూ వెళ్ళిపోయాయి. తగ్గినంత మేరకి కోత పెట్టుకుని మిగతా డబ్బు వచ్చింది. కొన్నాళ్ళకి సుంకం కూడా వచ్చింది. అప్పటికే ఓడల్లోకి ఎక్కిన సరుకుకి వర్తించదని ఓ మెలిక పెట్టారనుకోండి, అయినా వచ్చింది. ఫర్నేసు వెలిగించారు. హోరు మళ్ళీ మొదలైంది, జనం మళ్ళీ అరుచుకుని మాట్లాడుకున్నారు. కంప్యూటరుకి నేర్పిన ఏడు నంబర్ల సంగతేం చెయ్యాలని పెద్దాయన్ని అడిగితే, ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. వాడేసినవాటిని ఇంకా దాటడం అబద్ధమవుతుందన్నాడు. దాటేసేవాటిలోంచి ఆరింటిని తీసేశారు. ఒక్కటి వంతెనకి పోలేదు కాబట్టి దాన్ని అలాగే ఉంచారు.

మరిది ఆ మాట తల్లికి పరుగున వచ్చి చెప్పాడు. ముసలావిడ కళ్ళు ఒత్తుకుంది. కోడలి చెయ్యి పట్టుకుని, "నీ చేతికి బుద్ధుందే," అంది. నంబర్లమ్మ ఆ చేతిని అత్తగారి దగ్గర అలాగే వదిలేసి కూర్చుంది.

ఫర్నేసు వెలిగాక జీతాలిచ్చిన రోజు క్యాంటీన్ కిటకిటలాడింది. టీ దగ్గర పెద్ద వరస. నంబర్లమ్మ వంతు వచ్చింది. క్యాంటీన్ అమ్మాయి ఎప్పటిలాగే గ్లాసు నిండా పోసింది, చక్కెర ఎప్పటిలాగే ఒక చెంచా ఎక్కువ వేసింది. గ్లాసు ముందుకి జరిపి, చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.

"అక్కా, ఒకటడుగుతాను, ఏమనుకోకు."

"అడుగు."

"నువ్వు కావాలని చెయ్యలేదని అందరూ అంటున్నారు. నేనూ నమ్ముతున్నాను. అలవాటు కొద్దీ చెయ్యి రాసేసిందిట కదా."

"ఆఁ."

"మా నాన్నదీ సి షిఫ్టే అక్కా. నీకు తెలుసు కదా. ఆయనకి మాత్రం బి అని సరిగ్గానే రాశావు."

ఆ మాటలో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అంతకాలం నుంచీ రాని ఏడుపు నంబర్లమ్మ గొంతులోకి ఒక్కసారిగా ఎగదన్నుకొచ్చింది. ఈ మనిషి ముందు ఏడవడానికి తనకి హక్కు లేదనిపించి, దాన్ని మింగేసింది. వెనక వరసలో వాళ్ళు "ఏమ్మా, కాస్త కదలండి" అని కేకలేస్తున్నారు. క్యాంటీన్ అమ్మాయి గ్లాసు మీంచి చెయ్యి తీసింది. నంబర్లమ్మ ఆ టీ తీసుకుని పక్కకి జరిగింది.